నొప్పి లేని పన్ను

గాజులు తొడిగే ఆడదానికి చేతులతో పాటు నోరూ ఆడాలి. బిగువు గాజు బొటనవేలి ఎముక దాటేటప్పుడు అవతలి మనిషికి నొప్పి తెలియకుండా ఏదో ఒకటి చెప్పి నవ్వించాలి. బళేపేటలోని తమ కొట్లో వరూధిని ఆ విద్యలో ఘటికురాలు. అందరినీ నవ్విస్తుంది కానీ తాను మాత్రం పెదవులు బిగించి ముక్కుతో నవ్వుతుంది. రెండు చేతులూ ఇంకొకరి చేతిమీద ఉంటే నోటికి కొంగెలా అడ్డం పెట్టుకుంటుంది?

పెళ్ళికి ముందు పుచ్చుపళ్ళకు నాన్న వెండిరంగు సిమెంటు పెట్టించాడు. అప్పుడు తళతళలాడినవి ఏళ్ళు గడిచేసరికి నల్లబడ్డాయి. మరిది పెళ్ళి క్యాసెట్టు చూస్తున్న రోజు మొగుడు రామాంజి సరిగ్గా ఆమె నవ్వు దగ్గర టీవీలో బొమ్మ ఆపి, "చూడండప్పా, నోట్లో బొగ్గులు పెట్టుకోనుండాది" అన్నాడు. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆ చెయ్యి అప్పటినుంచీ అక్కడికే పోతోంది.

పంటి రంగులోనే కలిసిపోయే సిమెంటు వచ్చిందని కొట్టుకు వచ్చిన ఒకావిడ నోరు తెరిచి మరీ చూపించింది. వరూధిని వారం రోజులు గుంజాటన పడి మొగుణ్ణి అడిగింది. "నొస్తాందా?" అన్నాడు. లేదంది. "నొయ్యకుంటే ఎందుకు మార్చల్ల? నోరు మూసుకోని నవ్వితే పోదా?" అన్నాడు, లెక్కలోంచి తలెత్తకుండానే. మర్నాడు ఆమె నొస్తోందని చెప్పింది.

అబద్ధం అంత సులువుగా చెల్లుతుందని ఆమె అనుకోలేదు. కోడలికి ఇన్నేళ్ళలో ఒక్కనాడూ కాఫీ కలిపివ్వని అత్త అక్కయమ్మ లవంగం దంచి తెచ్చింది. రాగి గంజి కాచి, చల్లారబెట్టి, "పచ్చిమిరపకాయ వెయ్యలేదులే, తాగు" అంది. వరలక్ష్మీ వ్రతం గిరాకీలో ఒళ్ళు కాలిపోతున్నా గాజులు తొడిగిందే, అప్పుడు ఎవరూ ఇవ్వని గంజి. సగమే తాగి పక్కన పెట్టింది. ముసలామెను మోసం చేస్తున్నాననిపించింది. చెప్పేద్దామని రెండుసార్లు వంటింటి గడప దాకా వెళ్ళి, గిన్నెలు కడిగి తిరిగొచ్చింది.

పళ్ళ డాక్టరు దగ్గరికి అత్తే తోడు వచ్చింది. డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, ఒక్కో పన్నూ తట్టి చూసి తల అడ్డంగా ఊపింది.

"పాత సిమెంటు గట్టిగానే ఉందమ్మా. అంచులు ఊడలేదు, కింద పుచ్చు లేదు. పగిలితేనో సందు పడితేనో మార్చాలి గానీ ఊరికే తీస్తే కొంచెం మంచి పన్ను కూడా పోతుంది. రంగు కోసమే అయితే మీ ఇష్టం. కానీ నొప్పి అంటున్నారే, అదే అర్థం కావట్లేదు. నరం దాకా చూడాలేమో."

"చూడు తల్లీ," అంది అక్కయమ్మ. "అన్నం గూడా తినకుండా ఉండాది. నేను చూడలేకుండా ఉండాను."

వరూధినికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇంకాస్సేపు ఊరుకుంటే అబద్ధానికి మంచి పంటి నరం బలయ్యేలా ఉంది.

"నొప్పి లేదు," అంది.

అక్కయమ్మ కోడలి వైపు తిరిగింది. మెల్లగా అంది, "లేదా? మరి నా చేత గంజి కాపించుకుంటివి కదే."

"తప్పే అత్తా. నొప్పి అంటే కాచినావు. నాకు కావల్ల అనుంటే కాచేదానివా?"

అత్త చేతిసంచీ తాడును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"నవ్వితే కనపడే దాన్ని ఒక్కదాన్ని మార్చండి," అంది వరూధిని డాక్టరమ్మతో. "మిగతావి పగిలినప్పుడు చూద్దాము."

"రామాంజికేం చెప్తావే?" అంది అక్కయమ్మ.

"నొప్పి లేదనే చెప్తా. నవ్వల్లని మార్పించుకున్నానని చెప్తా."

అన్నదే గానీ దొంగతనం చేస్తున్నట్టే ఉంది. అలవాటు కొద్దీ చెయ్యి నోటి మీదికి లేచింది. దాన్ని తొడ కింద గట్టిగా అదిమిపెట్టి, వరూధిని నోరు తెరిచింది.