వీపు మీది బిరుదు

మా వడ్రంగి షాపులో నన్నెవరూ పేరు పెట్టి పిలవరు. "దాసుడొచ్చాడ్రోయ్" అంటారు, అంతే. పొద్దున్నే వంట చేసి, గిన్నెలు తోమి, మా ఆవిడ చీర ఇస్త్రీ చేసి మరీ వస్తానని ఒకనాడు నోరు జారాను. ఇక చూస్కోండి, భార్యాదాసుణ్ణయిపోయాను. నాకు ఒళ్ళు మండిపోయేది. కానీ వంట మానలేదు. ఎందుకు మానతాను? ఆవిడ పగలంతా బళ్ళో సంస్కృతం చెప్పి, మిగిలిన వేళల్లో డాక్టరేటు కోసం చదువుతోంది. నా ఖర్మ కాకపోతే, ఆ చదువు కూడా 'దాస' అనే మాట గురించే!

"మొదట్లో అది ఇంకా పెద్ద తిట్టండీ" అనేది అన్నం కలుపుకుంటూ. "వేదంలో దాసులంటే శత్రువులు. తర్వాత ఊడిగం చేసేవాళ్ళయ్యారు. ఆ తర్వాత భక్తులొచ్చి, మేం దేవుడికి దాసులమని ఆ మాటనే గర్వంగా పేరు చివర తగిలించుకున్నారు. అసలెక్కడ పుట్టిందో పండితులకే ఇంకా తేలలేదు."

"నాకు తేలింది. మా షాపులో పుట్టింది" అన్నాను.

ఆఖరి మౌఖిక పరీక్ష రానే వచ్చింది. గట్టెక్కితే కాలేజీలో ఉద్యోగం. గడువు అయిపోవచ్చింది కాబట్టి, తప్పితే ఇన్నేళ్ళ కష్టమూ మట్టిపాలే. ఆ పూట నేను షాపులో తలుపు చెక్క చిత్రిక పడుతుంటే ఫోన్ మోగింది.

"ఏమండీ, కళ్ళజోడు ఇంట్లోనే మర్చిపోయానండీ!"

ఏప్రన్ కూడా విప్పకుండా స్కూటరెక్కాను. ముందూ వెనకా కప్పే ఆ ఏప్రన్ వీపు మీద మా పాలిష్‌వాడు పొద్దున్నే ఎర్రరంగుతో 'భార్యాదాసుడు' అని రాసిపెట్టాడు. ఆ సంగతి నాకు తెలీదు. తెలిసుంటే వాడి మూతి కూడా ఎర్రగానే ఉండేది.

ఇంటికెళ్ళి కళ్ళజోడు పట్టుకుని కాలేజీ హాల్లోకి వెళ్ళేసరికి, తలనెరిసిన పరీక్షకుడు మా ఆవిడని నిలదీస్తున్నాడు. "గ్రంథాల్లో చూపించారు, సరే. కానీ తనని తిట్టిన మాటని మనిషి బిరుదుగా ఎలా తీసుకుంటాడమ్మా? నాకు నమ్మకం కుదరటం లేదు. అది కుదిరేదాకా నేను సంతకం పెట్టను."

ఆవిడ కాగితాలు ముక్కుకి ఆనించుకుని వెతుక్కుంటోంది. పాపం, ఒక్క అక్షరమూ కనబడటం లేదు. కళ్ళజోడు చేతిలో పెట్టి, "కంగారు పడకు" అని చెప్పి వెనక్కి తిరిగాను.

హాలంతా నా వీపు చూసి గొల్లున నవ్వింది. ఏప్రన్ ముందుకు లాక్కుని చూసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ముడి విప్పబోతుంటే, అప్పటికే కళ్ళజోడు పెట్టుకున్న మా ఆవిడ గొంతు ఖంగుమంది.

"ఆగండి, విప్పకండి!"

అని పరీక్షకుడి వైపు తిరిగింది. "అయ్యా, ఈయన మా ఆయన. అది రాసినవాళ్ళు వెక్కిరించాలనే రాశారు. ఈయన ఇన్నేళ్ళూ వండిపెడితేనే నేను చదివాను. మీ ప్రశ్న ఈయన్నే అడగండి."

"ఏమయ్యా, ఇది నీకు అవమానం కాదూ?" అన్నాడాయన.

ఆవిడ కాగితాలు పక్కన పెట్టేసి నా వైపే చూస్తోంది. అది చూశాక నా సిగ్గు ఎటు పోయిందో పోయింది.

"ఎవరో మెడలు వంచి చేయిస్తే అవమానం సార్. నాకెవరూ చెప్పలేదు, ఇష్టమై చేశాను. ఈవిడ నెగ్గితే అందులో సగం గెలుపు నాది. ఇక అవమానమెక్కడుంది?"

"భక్తులు చెప్పిందీ ఇదేనండి. ఇష్టపడి చేసినవాడికి ఆ మాట బరువు కాదు" అంది మా ఆవిడ.

ఆయన నవ్వి, కలం మూత తీసి సంతకం పెట్టాడు. చప్పట్లతో హాలు మారుమోగిపోయింది. నేను అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను.

మర్నాడు నన్ను చూడగానే పాలిష్‌వాడు బీరువా చాటున నక్కాడు. లాక్కొచ్చి ఏప్రన్ వాడి చేతిలో పెట్టాను.

"ఒరేయ్, ఇంత చిన్న అక్షరాలేంట్రా? వెనక వరసవాళ్ళకి కనపళ్ళేదు. మళ్ళీ రాయి. ఈసారి 'భార్యా' తీసేసి 'డాక్టరుగారి' అని పెట్టు!"