గొడుగు మూసేదాకా

నేలలో పాతిన ఇనప మొన మీద కాయను గుచ్చి, ఒక్క తిప్పు తిప్పి పీచు డొక్క ఊడదీశాడు సత్యదుర్గారావు. అరవై ఆరేళ్ళు వచ్చినా కొబ్బరికాయల ఒలుపులో రాజోలు మొత్తానికి ఆయన చేయే చేయి. చెవులు మాత్రం ముప్పాతిక వంతు పోయాయి. పదకొండున్నరకి చేతులు కడుక్కుని తెల్లచొక్కా తొడిగాడు. బైబిలూ, బ్యాటరీ మైకూ సైకిలుకి తగిలించుకుని బయల్దేరాడు.

బాప్తిస్మంలో పౌలు అని పేరు పెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఆ పేరు ఎవరి నోటా తిరగలేదు. కొబ్బరి కొట్లో దుర్గారావే, రేషను కార్డులో దుర్గారావే, ఆఖరికి చర్చిలో కూడా ఒలుపు దుర్గారావే. పౌలుగారూ అని పిలిచేది ఒక్కరే, మసీదు సందు మొగలో గొడుగులు బాగుచేసే జిలానీ సాయిబు. భార్య చిన్నమ్మలు పోయాక రోజూ నాలుగు మాటలు మాట్లాడేదీ ఆయనే.

ఆ సందుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల నిలబడి దుర్గారావు వాక్యం చెబుతాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఎండని ఓర్చుకున్నట్టే ఆయన్నీ ఓర్చుకుంటారు. మైకు మోతలో ఆయనకి మధ్యాహ్నం అజాన్ వినపడదు. అందుకని అజాన్ మొదలవగానే జిలానీ ఒక గొడుగు తెరుస్తాడు. దుర్గారావు మైకు కట్టేస్తాడు. అజాన్ అయ్యాక జిలానీ గొడుగు మూస్తాడు, దుర్గారావు మళ్ళీ మొదలెడతాడు. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

నిన్న మాత్రం ఊపులో ఒక మాట దొర్లింది. ప్రభువును ఒప్పుకోనివాడు ఎంత మంచివాడైనా అగ్నిగుండమే అన్నాడు. మైకు సర్దుకుంటుంటే జిలానీ దగ్గరికి పిలిచి, చెవి దగ్గర గట్టిగా అడిగాడు.

“పౌలుగారండీ, మరి నన్నూ అందులోకే తోసేసేరా అండీ?”

నవ్వుతూనే అడిగాడు గానీ, జవాబు కోసం చేతిలో సూది పక్కన పెట్టి మరీ చూశాడు. దుర్గారావు మైకు తగిలించుకుని సైకిలెక్కేశాడు. ఇంటికెళ్ళి బైబిలంతా తిరగేశాడు. రేపు సాయిబు గొడుగు తెరవకపోతేనో అన్న భయం తప్ప ఏమీ దొరకలేదు.

ఇవాళ వాక్యం నోట్లో తిరగడం లేదు. చూపంతా సందు మొగ మీదే ఉంది. జిలానీ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఇటు చూడలేదు. పన్నెండున్నర దాటింది.

నల్లగొడుగు తెరుచుకుంది.

దుర్గారావు ప్రాణం లేచొచ్చింది. మైకు కట్టేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గొడుగు మూయగానే తనే రోడ్డు దాటి వెళ్ళి చెప్పెయ్యాలనుకున్నాడు. ‘నాకు తెలీదండీ సాయిబుగారూ. నేనంత చదువుకున్నోణ్ణి కాదండీ. పరలోకంలో మీరు లేకపోతే నాకు మాత్రం ఏం తోస్తుందండీ?’

గొడుగు మూయలేదు. అమలాపురం బస్సు వచ్చి వెళ్ళింది. నమాజుకి వెళ్ళినవాళ్ళు బయటికొస్తున్నారు. నిన్నటి మాటకి ఇది శిక్ష అనుకున్నాడు, పడాల్సిందే అనుకున్నాడు. ఎండలో అలాగే నిలబడ్డాడు.

టీకొట్టు వీరవెంకటరమణ పరుగెత్తుకొచ్చి చెవి దగ్గర అరిచాడు.

“దుర్గారావుగారూ, సాయిబుగారు పోయేరండీ! టీ ఇద్దామని వెళ్తే పలకలేదండీ. కూర్చున్నోరు కూర్చున్నట్టే ఉన్నారండీ.”

దుర్గారావు రోడ్డు దాటేసరికి జనం మూగారు. మసీదువాళ్ళు జిలానీని జాగ్రత్తగా ఎత్తి తీసుకెళ్ళారు. ఇంక దుర్గారావుని పౌలని పిలిచేవాళ్ళు లేరు.

సాయిబు సామాన్లు సర్దుతూ వీరవెంకటరమణ గొడుగు మూయబోయాడు. దుర్గారావు అతని చెయ్యి పట్టుకున్నాడు.

“ఉండనివ్వండి. అది మూస్తే నేను మళ్ళీ మొదలెట్టాలండి.”

జిలానీ పనిబల్ల మీద, పక్కన పెట్టిన సూదీ దారం దగ్గర, నల్లగొడుగు తెరిచే ఉంది.