ముందెవరు పెట్టేశారు

...అయినా తానెందుకు చెయ్యాలి, ఆ రోజు ఫోను పెట్టేసింది చెల్లెలు కదా, అనుకుంటూనే ఆమె కంప్యూటరు తెర మీది ప్రోగ్రాము వరసలను పైకి జరిపింది. కోపం ఎప్పుడో అరిగిపోయింది. మిగిలింది అలవాటు. అది కోపం కన్నా మొండిది.

ఉదయమే మరిది, చెల్లెలి భర్త, సందేశం పెట్టాడు: "వదినా, తనకి ఆయాసం ఎక్కువైంది. ఒక్కసారి మాట్లాడండి."

'ఇది తేలగానే' అనుకుంది. ఇది అంటే బస్సు టిక్కెట్ల ప్రోగ్రాము. రద్దీ పెరిగితే చాలు, బిగుసుకుపోతోంది.

శాలువా భుజాల మీదికి లాక్కుంది. ఏసీ గాలికి వేళ్ళ కణుపులు తెల్లగా పొడిబారి ఉన్నాయి. ఈ కుర్చీలోనే జుట్టు నెరిసింది. సవ్యంగా సాగినంతకాలం ఎవరి కంటా పడని పని ఆమెది. ఆగిందంటే అందరి వేళ్ళూ ఇటే చూపిస్తాయి. టిక్కెట్ల లెక్కలన్నీ దాచే డేటాబేసుతో మాట్లాడే కనెక్షన్లు కొన్నే ఉంటాయి, ఆఫీసంతటికీ నాలుగు ఫోన్లున్నట్టు. మాట అయ్యాక పెట్టేస్తేనే తర్వాతివాళ్ళకు దొరుకుతుంది. ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే వదిలేస్తే వెనకవాళ్ళు నిలబడే ఉంటారు. అందుకే ఎవరు ఏం రాసి తెచ్చినా ఆమె మొదటి ప్రశ్న ఒకటే: "పెట్టేశావా?" చివరికి ఆమె పేరే 'పెట్టేశావా అక్క' అయిపోయింది.

"ఏం పెట్టేశావా అక్కా, దొంగ దొరికాడా?" పక్క సీటావిడ తల తిప్పింది. అందరి ప్రోగ్రాముల్లోనూ తప్పులు వెతకడం ఆవిడ ఉద్యోగం.

"ఇంటిదొంగలా ఉన్నాడు. ఈశ్వరుడు కూడా పట్టలేడు."

"ఆయన సంగతి వదిలెయ్. భోజనానికి లేస్తావా? ఇక్కడ నా కడుపు కూడా హ్యాంగయింది."

"నువ్వెళ్ళు. నేనో ఫోను చేసుకోవాలి."

గది ఖాళీ అయింది. చెల్లెలి నంబరు మీద బొటనవేలు ఆగింది. ఆ చివరిసారి చెల్లెలు నవ్వుతూనే మొదలుపెట్టింది: "నీతో మాట్లాడాలంటే టోకెన్ తీసుకోవాలా అక్కా?" తర్వాత గొంతు మారింది. "అమ్మ పోయినప్పుడు కూడా నువ్వు..." అంతే, నిశ్శబ్దం. ఆ 'నువ్వు' తర్వాతి మాటను ఇన్నేళ్ళూ తానే పూరిస్తూ వచ్చింది. ఒక్కసారి కూడా మంచిమాటతో పూరించలేదు.

ఏమని మొదలుపెట్టాలి? క్షమించమనా? ఎలా ఉన్నావనా? ముందు ఇది తేలనీ. ఫోను బోర్లించింది.

మధ్యాహ్నం సగం కరిగాక దొరికాడు దొంగ. టిక్కెట్టు రద్దుచేసే చోట. రద్దు సవ్యంగా అయితే కనెక్షను పెట్టేస్తుంది. నడుమ ఏదైనా చెడితే మాత్రం ప్రోగ్రాము ఆ పెట్టేసే వరసను దాటుకుని ఒక్క ఉదుటున బయటపడుతుంది. ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోతుంది. అంతా బాగుంటేనే పెట్టేసే ఫోను! ఎవరు రాశారిది అని తిట్టుకోబోయి ఆగింది. తనే. ఎప్పుడో పడుచుతనంలో, ఏదీ చెడదన్న ధీమాతో.

ఆ వరసను తీసి, మంచి జరిగినా చెడు జరిగినా తప్పక నడిచే చోట పెట్టింది.

పక్క సీటావిడ ఉత్తుత్తి రద్దీ పెంచి చూసి చప్పట్లు కొట్టింది. "పెట్టేస్తోందక్కా! ఇక పార్టీ ఎప్పుడు?"

ఆమె నవ్వుతూ ఫోను తిరగేసింది. మరిది చేసిన కాల్స్ వరసగా ఉన్నాయి. వెంటనే చేసింది.

"ఇందాకే పోయింది వదినా," అన్నాడతను.

చీకటిపడి ఆ ఇంటికి చేరేసరికి చెల్లెల్ని శ్మశానానికి తీసుకెళ్ళి రావడం కూడా అయిపోయింది. పక్క మీద దుప్పటి లేదు. మరిది మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

"మీ మీద కోపం లేదు వదినా తనకి. 'అక్క పెట్టేసింది, అక్కే చేస్తుందిలే' అంటుండేది."

"నేను పెట్టెయ్యలేదు. అదే కదా పెట్టేసింది?"

అతను తలెత్తాడు. "తను పెట్టేయడమేమిటి? నేను పక్కనే ఉన్నాను. అప్పుడే మా రైలు సొరంగంలోకి వెళ్ళింది... అంటే, లైనే తెగిందన్నమాట."

మధ్యలో తెగిన లైనుకు రెండు కొసలుంటాయి; తెగిన సంగతి దేనికీ తెలియదు. అందుకే ఊరకే ఉన్న కనెక్షనును ముట్టుకునే ముందు ఒక చిన్న ప్రశ్న వెయ్యాలి: ఉన్నావా? కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ తాను నేర్పే పాఠమే. ఒక్క మాట. దానికి క్షమాపణతో కూడా పని లేదు.

మరిది లేచి బయటికి వెళ్ళాడు. అద్దం ముందు బల్ల మీద చెల్లెలి చేతుల క్రీము డబ్బా తెరిచి ఉంది. మూత పక్కన దొర్లి పడి ఉంది. ఆమె అలవాటుగా మూత తీసుకుంది, డబ్బా దాకా తెచ్చింది. తెచ్చి, లోపలికి చూసి, మూతను చప్పుడు కాకుండా మళ్ళీ బల్ల మీదే పెట్టేసింది.

తెల్లటి క్రీములో ఒక వేలు తీసుకున్నంత మేర చిన్న గుంట, అంచు ఇంకా విరగకుండా, అలాగే ఉంది.