ఇటుక మోసిన బంగారు పెట్టె

నేను ఒక బహుమతి పెట్టెను. అలాగని మురిసిపోకండి, నాలో బహుమతి ఉండేది కాదు. ఇటుక ఉండేది.

పుట్టుక చెబితే పరువు పోతుంది గానీ, మొదట నేను మిక్సీ అట్టపెట్టెను. హైదరాబాదు స్టూడియోలో సెట్టు సామాను చూసే పెంటయ్య నాకు బంగారు కాగితం చుట్టి, ఎర్ర రిబ్బను కట్టి, ‘బుడతల బరి’ అనే పిల్లల ఆటల కార్యక్రమంలో నిలబెట్టాడు. ఖాళీ పెట్టెనైతే పిల్లలు ఇట్టే ఎత్తేస్తారు, టీవీలో బాగుండదని లోపల ఇటుక. గెలిచినవాళ్లు ఆపసోపాలు పడి నన్ను ఎత్తగానే చప్పట్లు. కెమెరా ఆగగానే పెంటయ్య నన్ను లాక్కునేవాడు. అసలు బహుమతి, ఓ జామెట్రీ బాక్సు, ఏ రెణ్ణెల్లకో పోస్టులో వెళ్లేది. మూడేళ్లలో నూట యాభై మంది నన్ను గెలిచారు. ఒక్కరూ ఇంటికి తీసుకెళ్లలేదు.

ఒకసారి అనకాపల్లి దగ్గరి పల్లె నుంచి తొమ్మిదేళ్ల నూకరత్నం వాళ్ల నాన్నతో వచ్చింది. ఆ వారం అతిథి సినిమా విలన్ రుద్రపతి. ఆయన గండు మీసం పేరు చెప్పి తల్లులు పిల్లలకు అన్నం తినిపించేవారు. పోటీ గచ్చకాయలాట. ఐదు కాయలూ ఎగరేసి, చెయ్యి బోర్లించి దాని మీద పట్టాలి. విలన్ గారి చేతిమీద ఒక్క కాయా నిలవలేదు. నూకరత్నం ఐదూ పట్టేసింది.

కెమెరా ఆగింది. పెంటయ్య చెయ్యి చాచాడు. ఆ పిల్ల నన్ను గట్టిగా వాటేసుకుంది.

“ఇయ్యి బిడ్డా, ఇది షాట్ కోసమే. లోపల ఇటుక తప్ప ఏం లేదు. నీది పోస్టుల వస్తది.”

“నానియ్యను. బళ్లో అందరి ముందూ ఇప్పుతానని సెప్పేసినాను. ఉత్తి సేతుల్తో ఎలితే గెలవనేదంటారు.”

ఏడుపు విని రుద్రపతి వచ్చాడు. జేబులోంచి నోటు తీశాడు.

“డబ్బులొద్దు. గెలిసిన వస్తువు కావాల” అంది నూకరత్నం.

ఆయన ఆలోచిస్తూ మీసం దువ్వుకున్నాడు. దువ్వుకుని దువ్వుకుని, దాన్నే ఊడబెరికాడు! ఓరి నాయనో, నేనైతే అదిరిపోయాను. అది పెట్టుడు మీసమని మేకప్ మనిషికి తప్ప లోకంలో ఎవరికీ తెలియదట. ఇటుక తీయించి మీసం నాలో పెట్టి, “నా ఆస్తంతా ఇదే తల్లీ, జాగ్రత్త” అన్నాడు. రైలుకు వేళయిందని నాన్న మమ్మల్నిద్దర్నీ లాక్కెళ్లాడు.

బళ్లో నన్ను విప్పారు. “ఇది నాటకాలోలి మీసమే! కోతలు కొయ్యకే” అని ఒకటే నవ్వు. మాస్టారు కూడా నవ్వారు. నూకరత్నం నాలుగు రోజులు బడి మొహం చూడలేదు. నాకు నోరుంటేనా, ఒక్కొక్కరికీ గడ్డి పెట్టేదాన్ని.

ఆ ఆట టీవీలో వచ్చే ఆదివారం ఊరంతా పంచాయతీ ఆఫీసులో చేరింది. నూకరత్నం నన్ను ఒళ్లో పెట్టుకుని చివర కూర్చుంది. ఆట అయింది, నన్ను ఎత్తడమూ అయింది. ఆఖరున, మేం రైలుకు వెళ్లిపోయాక తీసిన ముక్క కాబోలు, వీడ్కోలు చెప్పడానికి రుద్రపతి వచ్చాడు, నున్నటి మూతితో. మేకప్ గదిలో ఇంకో మీసం లేకపోలేదు. ఆ మహానుభావుడు అంటించుకోలేదు.

“నా మీసం నూకరత్నం గెలుచుకుంది. నమ్మనివాళ్లు నా మొహం చూడండి” అన్నాడు.

ఊరంతా వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది.

ఇప్పుడు నూకరత్నం అదే బళ్లో టీచరు. నా కాగితం వెలిసింది, మీసం సగం రాలింది. పిల్లలెవరు ఏ ఆటలో గెలిచినా ఆమె నన్ను బీరువా మీంచి దించి, వాళ్ల చేతుల్లో పెట్టి, “ఇంటికి ఎత్తుకెళ్లి రేపు తెండి” అంటుంది. ఈ ఊళ్లో నేను తొక్కని గడప లేదు.