ఐదో వరుసలో నలభై

అంకెలమ్మ అప్పటికి పద్దెనిమిదిమంది ఆటగాళ్ళ వేగానికి మార్కులు వేసేసింది. పందొమ్మిదోవాడి వీడియో నడుస్తోంది. బంతి అందుకున్న దగ్గర్నుంచి అవతలి గీత దాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, నూటికి ఎన్ని మార్కులో కుడిచేత్తో కొట్టి, ఎడమచేత్తో మెడ రాసుకుంది. పదకొండేళ్ళుగా ఇదే పని. ఆఫీసులో అంకెలమ్మ అనే పేరు స్థిరపడిపోయి అసలు పేరు అందరూ మరిచిపోయారు. భుజాలు ముందుకి వంగాయి, చూపుడువేలి గోరు ఒక పక్కకి అరిగింది. ఇంట్లో అత్తగారి మాత్రలు, కూతురి బస్సు టైము, భర్త మూసేసిన కొట్టు తాళాలు, అన్నీ ఆమె తలలోనే ఉంటాయి. నీకేం కావాలని ఎవరైనా అడిగితే మాత్రం తడుముకుంటుంది.

వాళ్ళ కంపెనీ తయారుచేసేది కంప్యూటర్లో ఆడే బాస్కెట్‌బాల్. అందులో ఆడేవాళ్ళు బంతి ముట్టరు, కోచ్ అవుతారు. ఐదుగుర్ని ఎంచుకుని, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో చెప్పి, కూర్చుని చూస్తారు. ఒక్కో ఆటగాడికీ ఒక విలువ ఉంటుంది. ఆ విలువలో వేగానికి ఎంత వాటా అన్నది ఆఫీసులో అందరూ కోచ్ మాస్టారనే పెద్దాయన వేసిన పట్టిక చెబుతుంది. బంతి తీసుకొచ్చే మొదటి స్థానంవాడికి నూటికి నలభై. అక్కణ్ణుంచి తగ్గుతూ, బుట్ట కింద నిలబడే ఐదో స్థానంవాడికి పన్నెండే.

"వాడికి పరుగెందుకమ్మా? వాడు గోడ. గోడ లేచి పరిగెడితే ఇల్లేం కావాలి?" అనేవారు మాస్టారు.

ఆయన ముప్ఫై ఐదేళ్ళు బడుల్లో ఈ ఆట నేర్పి, రిటైరయ్యాక ఇక్కడ సలహాదారుగా చేరారు. ఆమె పక్క సీటే. ఇవాళ్టితో ఆఖరు.

నెల కిందట మేనేజరు ఒక పోటీ పెట్టాడు. మాస్టారి పట్టికతో ఎంచిన జట్టు ఒకటి, అన్ని స్థానాలకీ వేగం వాటా ఒక్కటే అనే తేలిక లెక్కతో ఎంచిన జట్టు ఇంకొకటి. రెండూ కంప్యూటర్లో వెయ్యిసార్లు తలపడాలి. పట్టిక ఎక్కించింది అంకెలమ్మే. ఆవేళ అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మొదటి వరుసలో నలభై కొట్టి, అదే అంకెని ఐదు వరుసలకీ కిందికి లాగేసింది, తర్వాత ఒక్కొక్కటీ దిద్దుకోవచ్చని. ఎప్పుడూ అలాగే చేస్తుంది. నాలుగో వరుస దాకా దిద్దింది. ఫోన్ మోగింది. ఐదో వరుసలో నలభై అలాగే ఉండిపోయింది.

ఇంకేముంది, మాస్టారి జట్టు గాలిలా ఉరికే పొట్టివాణ్ణి తీసుకెళ్ళి బుట్ట కింద నిలబెట్టింది. వెయ్యింట ఏడొందలు ఓడింది.

"తాతలనాటి లెక్కలు మేడమ్. ఇక మాస్టారితో మనకి పనేముంది?" అన్నాడు మేనేజరు.

తప్పు ఆమె కంటపడింది మొన్న సోమవారం. అప్పట్నుంచి తేలుకుట్టిన దొంగలా ఉంది. ఇలాంటి పొరపాట్లకే మేనేజరు ఇదివరకు రెండుసార్లు హెచ్చరించాడు. మూడోసారంటే ఇంటికే. ఆ ఇంట్లో పనికి వెళ్ళి వచ్చే మనిషి తనొక్కతే. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే శుక్రవారం వచ్చేసింది.

మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచాక, ఐదో వరుసలో పన్నెండు కొట్టి మళ్ళీ ఆడించింది. తన డబ్బా మూత కూడా తీయలేదు. పట్టిక ఆరువందల నలభైమూడుసార్లు గెలిచింది. ఆ ఫలితాన్ని ప్రింటు తీసి, నాలుగు మడతలు పెట్టి, బ్యాగులో అడుక్కి తోసింది.

నాలుగున్నరకి మాస్టారు సామాను సర్దుకున్నారు. కుర్చీలోంచి ఒకసారి లేవబోయి, మళ్ళీ కూర్చుని, రెండోసారికి లేచారు.

"నా వేగానికి ఎన్ని మార్కులేస్తావమ్మా?"

"మీకు మార్కులేసేంతదాన్నా మాస్టారూ?"

"వెయ్యి, ఫర్వాలేదు. బొటాబొటీ పాసవుతానో లేదో." నవ్వారు. తర్వాత గొంతు తగ్గించారు. "బడిలో పొడుగ్గా కనబడ్డ ప్రతివాణ్ణీ బుట్ట కింద పాతేసేవాణ్ణి. నేనూ పరిగెడతాను సార్ అని ఏడ్చినవాళ్ళున్నారు. నోర్మూసుకుని నిలబడరా అన్నాను. ఇప్పుడు వెయ్యి ఆటలాడి మిషను చెప్పిందిగా. ఇన్నేళ్ళూ పిల్లలకి తప్పు నేర్పానేమోనమ్మా."

ఆమె చెయ్యి బ్యాగులోకి వెళ్ళింది. వేళ్ళకి కాగితం మడత తగిలింది. ఎదురుగా అద్దాల గదిలో మేనేజరు ఫోన్లో మాట్లాడుతూ ఇటే చూస్తున్నాడు. ఆమె నోరు తెరిచింది.

"లిఫ్టు పనిచేయట్లేదు మాస్టారూ. మెట్లు జాగ్రత్తగా దిగండి."

"అలాగేనమ్మా. చెప్పి మంచిపని చేశావు."

మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. ఒకటి. కాసేపాగి ఇంకొకటి. మూడంతస్తులు దిగడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. లేచి నాలుగడుగులు గబగబా వేస్తే అందుకోగలిగేది. చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా ఆమె కూర్చునే వింది.

ఐదింటికి మేనేజరు బయటికొచ్చాడు. "ఆ సీటు కాస్త ఖాళీ చేసి పెట్టండి మేడమ్. సోమవారం కొత్తాయన వస్తాడు. నాతో ఇంకేమైనా చెప్పాలా?"

"ఏం లేదు సార్."

మేనేజరు వెళ్ళాక మాస్టారి టేబుల్ సొరుగు లాగింది. లోపల ఒక్కటే వస్తువు, మోకాలికి తొడుక్కునే పట్టీ. రంగు వెలిసి, ఒక పక్క కుట్లు ఊడి ఉంది. తీసి టేబుల్ మీద పెట్టింది. అది కూలబడలేదు. లోపల మోకాలు లేకపోయినా, ఆ వంపుతోనే కొద్దిగా ముందుకి వంగి, నిలబడే ఉంది.