రెండో బంతి వాళ్లు

మేలు చేసిన మనిషి మాటకు అడ్డుపడే హక్కు, ఆ మేలు పొందినవాడికి ఉంటుందా?

బల్ల మీది గంటను చూస్తూ ఆరోన్ తనను తానే ప్రశ్నించుకున్నాడు. అరచేత్తో తడితే టింగుమనే చిన్న గంట అది. దాని సొంతదారు మైకు ముందు నిలబడి మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయన శాంసన్, నాచారంలోని ఈ డిగ్రీ కళాశాల కరస్పాండెంటు, ఆరోన్ భార్య షైనీకి స్వయానా అన్న. ప్రకృతి హద్దులకు లోబడిన ఆర్థికశాస్త్రం మీద సదస్సు పెడదామని ఆరోన్ అడిగిన మరుక్షణం ఆయన హాలు ఇచ్చాడు, భోజనాలు తన ఖర్చు అన్నాడు. సభాధ్యక్షుడిగా కూర్చునే ఆరోన్‌కు గంట లేదని తెలిసి తన గదిలోని గంటను స్వయంగా తెచ్చి పెట్టాడు.

"ఇగో బావా, ఎంత పెద్దోడైనా సరే, టైమ్ దాటితే కొట్టుడే!" అన్నాడు పొద్దున.

శాంసన్ సంగతి వాళ్ల చర్చిలో అందరికీ తెలుసు. ఆయన సాక్ష్యం చెప్పడానికి లేస్తే ఆడవాళ్లకు పొయ్యి మీది కూర గుర్తుకొస్తుంది. మరీ సాగితే గాయకబృందం మెల్లగా ఒక పల్లవి ఎత్తుకుంటుంది. ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా గొంతు కలిపి, పాటతోపాటు కూర్చుంటాడు. పండితుల సభలో అంత దయగల ఉపాయం లేదు. ఉన్నదల్లా గంటే.

ఆ గంట ఉదయం ఒక్కసారి మోగింది. అది తలుచుకుంటే ఆరోన్‌కు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తోంది.

అప్పుడు మాట్లాడుతున్నది ప్రొఫెసర్ రాజ్యం. కాకినాడ నుంచి వచ్చిన ఆమె పదవీ విరమణ చేసి చాలా కాలమైంది. ఎదుట కాగితం లేదు, వెనక తెర మీద బొమ్మలు లేవు. ఇంట్లో పిల్లలకు చెప్పినంత తేలిగ్గా చెప్పారు.

"పెళ్లిలో మొదటి బంతిలో కూర్చునేవాళ్లు చెడ్డవాళ్లేం కాదండీ. బూరెలు మూడోసారి వడ్డించుకుంటారు, అంతే. వాకిట్లో నిలబడ్డ రెండో బంతి వాళ్లు వాళ్లకి కనబడరు. మన శాస్త్రం ఇన్నాళ్లూ మొదటి బంతి విస్తళ్లే లెక్కపెట్టింది. ఇంకా పుట్టనివాళ్లు, నోరులేని పిట్టా చేపా, వీళ్లందరిదీ రెండో బంతి. వాళ్లకి ఎంత మిగలాలో ముందు తేల్చుకుని, ఆ తరవాత మనం..."

గడువు ముగియడంతో ఆరోన్ మొహమాటంగానే గంట తట్టాడు. ఆమె వాక్యాన్ని అక్కడే వదిలేసి వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"అయ్యో, పూర్తి చేయండి మేడమ్!"

"వద్దు బాబూ. ఆగమన్నప్పుడు ఆగకపోతే ఇంతసేపూ నేను చెప్పిందేమిటి?"

హాలంతా గొల్లుమని నవ్వి, ఆ వెంటనే చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టినవాడు శాంసనే. ఆరోన్ చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయాడు. నిగ్రహం గురించి అతడు ఎన్నో పుస్తకాలు చదివాడు, చదివిన ప్రతిసారీ తానూ కొంత నిగ్రహం సంపాదించినట్టు భ్రమపడ్డాడు. అది ఒక మనిషి నడకలో ఇంత మామూలుగా ఉండగలదని ఈరోజే చూశాడు.

మధ్యాహ్నం భోజనమయ్యాక చేయి కడుక్కుంటుండగా రాజ్యం గారు అడిగారు. "పత్రాల జాబితాలో ఆ మోటార్ల అమ్మాయి ఎవరండీ? సాయంత్రం చర్లపల్లిలో రైలెక్కాలి నేను. ఆ అమ్మాయి చెప్పేది విని మరీ వెళ్తాను. నా తరవాత ఈ పని పట్టుకునేవాళ్ల కోసం వెతుకుతున్నాను."

ఆ అమ్మాయి కావ్య, మేడిపల్లిలో ఉంటుంది. ఆరోన్ దగ్గర చదువుకుని ఇప్పుడు పరిశోధన చేస్తోంది. కాలిపోయిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టి బతికించే నాచారం వైండింగు దుకాణాల మీద ఆమె పత్రం. కొత్త మోటారు అమ్ముడైతే జాతీయాదాయం పెరిగినట్టు కనబడుతుంది. పాతదే మరికొన్నేళ్లు నడిస్తే మిగిలిన రాగీ ఇనుమూ ఏ లెక్కలోనూ కనబడవు. ఆ కనబడని మిగులును కొలిచే పద్ధతి ఒకటి ఆమె కట్టింది. చిత్తుప్రతి చదివినప్పుడు ఆరోన్‌కు ఇది తన శిష్యురాలి పని అన్న గర్వం కంటే, ఇది తనకు ఎందుకు తోచలేదన్న ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది.

రాజ్యం గారి మాట చెబితే కావ్య ముఖం వెలిగి, అంతలోనే ఆరిపోయింది.

"నాది ఆఖరుకు ఉంది గద సార్. పోయినేడు ఇంకో సభల గిట్లనే ఆఖరుకు వెట్టిన్రు. టైమ్ అయిపోయిందని 'చదివినట్టే భావిస్తున్నాం' అన్నరు. చదవని పేపర్‌కు సర్టిఫికెట్ ఇచ్చిన్రు. మా అమ్మ దానికి ఫ్రేమ్ గూడ కట్టించింది."

"ఈసారి నేనున్న గద బిడ్డా."

"అప్పుడు గూడ ఒక సార్ గట్లనే అన్నడు సార్!"

కావ్య నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి ఉంది, దాని కింద భయమూ ఉంది.

ఇప్పుడు చివరి పత్రానికి ముందు "రెండే మాటలు" అంటూ లేచిన శాంసన్, ఆదికాండంలోని ఏదెను తోట దగ్గర మొదలుపెట్టి కళాశాల రేకుల షెడ్డు రోజులు దాటాడు. "మనిషికి హద్దు ఉండాలె! గందుకే మన బిల్డింగు మీద మూడే ఫ్లోర్లు ఏస్తున్న, నాలుగు ఎయ్యమని ఇంజినీరు మస్తు జెప్పిండు!" అంటున్నాడు. జనం నవ్వుతున్నారు. ఆయన మాటల్లో కపటం లేదు. రాజ్యం గారిని రైలుకు తీసుకెళ్లడానికి ఉప్పల్ నుంచి వచ్చిన కారు గేటు దగ్గర ఆగి ఉంది. ఆమె ఒకసారి దానివైపు, ఒకసారి కావ్యవైపు చూసి, సంచీ ఒళ్లోకి తీసుకున్నారు. గోడ పక్కన నిలబడ్డ కావ్య తన కాగితాలను నెమ్మదిగా సంచిలో పెట్టేసుకుంటోంది.

ఆరోన్ తన ప్రశ్నను మళ్లీ తిరగేసి చూశాడు. శాంసన్ మనసును కాపాడుతున్నానని అనుకుంటున్నాడు. నిజమేనా? కాపాడుతున్నది ఆదివారం ఆయన ఇంట్లో భోజనం దగ్గర తన సుఖాన్ని కాదా? సరే, అది మర్యాదే అనుకుందాం. ఆ మర్యాద ఎవరి విస్తరిలోంచి వడ్డిస్తున్నాడు? తనది కాదు. గోడ పక్కన నిలబడ్డ పిల్లది. తాను మొదటి బంతిలో కూర్చుని, ఉదయం విన్న మాటను అద్భుతమని మెచ్చుకుంటున్నాడు.

మెచ్చుకోవడానికి లేవనక్కరలేదు. అతడు లేచాడు. అరచేయి గంట మీద పడింది.

శాంసన్ వెనక్కి తిరిగాడు. "ఏంది బావా, నాకేనా?" అన్నాడు మైకులోనే.

"మీకే బావా. రెండో బంతి వాళ్లు నిలబడ్డరు."

ఆరోన్ ఆయన ముఖం ఎలా మారుతుందో చూడడానికి ఆగలేదు. గోడవైపు తిరిగి, "రా కావ్యా, చదువు" అని బల్ల మీద తన ముందున్న మైకును ఆమెవైపు జరిపాడు.