డొలోన్ కనుమ మీద హంతకురాలు

మా వదిన బురుల్ నర్సు ఉద్యోగం మానేశాక, యాభై ఆరో ఏట సైకిలు పట్టింది. మా ఊరు కోచ్‌కోర్ నుంచి, కొండల అవతల నరీన్‌లో ఉన్న కూతురింటికి నూట ఇరవై కిలోమీటర్లు. వ్యానులో వెళ్లమంటే మొహం చిట్లించి, నన్ను తోడు రమ్మంది. మా ఆయనకు స్వయానా అక్క. కాదనే ధైర్యం నాకు లేదు.

తోడంటే కబుర్లకనుకున్నాను. ఆవిడ ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్ దూర్చి, ఆపిల్ తోట ఆసామికి ఎవరో టీలో విషం కలిపిన నవల వింటూ తొక్కింది. కుడి చెవి లారీల కోసం ఖాళీగా ఉంచింది. నేనేమడిగినా "ష్, డాక్టరు అబద్ధమాడుతున్నాడు" అనేది.

ఆ రాత్రి దారిలో సారీ-బులాక్ అనే పల్లెలో ఆగాం. ఊళ్లో కరెంటు లేదు. తెల్లారేసరికి వదిన ఫోను చచ్చింది. హంతకుడెవరో ఇంకా తేలలేదు. డొలోన్ కనుమ ఎక్కడం మొదలెట్టిన కాసేపటికే ఆవిడ సైకిలు దిగిపోయింది. మోకాళ్లు లాగుతున్నాయనీ, ఏదైనా లారీ ఆపమనీ పేచీ పెట్టింది. అంతకుముందు రోజు ఆ మోకాళ్లకు ఏ నొప్పీ లేదు.

"ఆ నవల నేను విన్నాను వదినా," అన్నాను. శుద్ధ అబద్ధం. "ఎక్కు, చెప్తాను."

ఎక్కింది. ఆయాసపడుతూనే తోటమాలిని చంపాను, వీలునామా మాయం చేశాను, డాక్టరుకి రెండో పెళ్లాన్ని తెచ్చాను. కాస్త ఆగితే చాలు, "ఊఁ, తర్వాత?" అని వెనకనుంచి తరిమేది. పైకి చేరేసరికి నాకు ఊపిరి లేదు, ఆవిడ మాత్రం తాజాగా ఉంది. అక్కడ ఒక గుడారం దగ్గర అమ్ముతున్న గుర్రం పాలు తాగుతూ, చంపింది ఆసామి అక్క అని తేల్చేశాను.

వదిన గిన్నె దించి నన్ను చూసింది. "ఆడబిడ్డలంటే నీకంత కచ్చేమిటే జూరా?"

"రాసినవాణ్ణడుగు. నేను విన్నదే చెప్పాను."

సాయంత్రానికి నరీన్ చేరాం. మర్నాడు పొద్దున నేను లేచేసరికి మనవరాలు వదిన ఒళ్లో నిద్రపోతోంది, ఫోను చెవి దగ్గర ఉంది. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది.

"ఆసామి తమ్ముడి పెళ్లామే చంపింది. అసలు పుస్తకంలో," అంది తాపీగా. ఆ సంగతి కూతురికీ అల్లుడికీ చెప్పింది. పాపను చూడవచ్చిన పక్కింటావిడకీ వదల్లేదు. ఆ పూటంతా నా టీతో సహా అందరిదీ తనే కలిపింది, "ఆ పని నీ చేతికివ్వడానికి భయం" అంటూ.

తిరుగు ప్రయాణంలో ఫోను నిండా ఛార్జింగ్ ఉంది. అయినా ఎత్తు మొదలవగానే ఇయర్‌ఫోన్ తీసి జేబులో వేసుకుంది.

"కొత్తది చెప్పు. ఈసారి మీ మామగారిని చంపు, ఎవరికీ బాధ ఉండదు," అంది.

"మీ నాన్నగారినే?"

"కథలోనేగా. తొక్కుతూ చెప్పు, ఆగకు."